హెల్మెట్ ధర కన్నా ముందు లోపలి చీటీ చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో మౌంటెన్ బైకింగ్ గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కొండదారుల్లో సైకిల్ తొక్కడం గురించి తెలుగులో రాసేవారు తక్కువ కనుక ముందుగా అభినందనలు. అయితే రక్షణ సామగ్రి గురించి రాసిన భాగం చదివాక, కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారికి రెండే దారులు మిగిలినట్టు అనిపించింది. అప్పో సప్పో చేసి తల నుంచి పాదం దాకా ఖరీదైన కవచం తొడుక్కోవాలి, లేదా అంత స్థోమత లేదని సరిపెట్టుకుని ఉత్త తలతో వెళ్లాలి. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ వ్యాసానికి జతచేసిన ఫొటోలో వాలు దిగుతున్న కుర్రవాడి తలపై మంచి హెల్మెటే ఉంది గానీ, గడ్డం కింద బిగించాల్సిన పట్టీ చెవి పక్కన గాలికి ఊగుతోంది. అంత డబ్బు పోసి కొన్నది మొదటి దెబ్బకే తల మీంచి ఎగిరిపోవడానికి ఆ పట్టీ ఒక్కటి చాలు. చాలా ఏళ్లుగా కొండదారుల్లో తొక్కుతూ, పడుతూ, అక్కరలేనివి ముందు కొని కావలసినవి వాయిదా వేసిన అనుభవం ఉన్నవాడిని కనుక ఈ లేఖ రాస్తున్నాను.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ‘ఏది చవక’ అని కాదు, ‘ఏ దెబ్బ మానుతుంది, ఏది మానదు’ అని. మోచెయ్యి గీసుకుపోతే పది రోజుల్లో చెక్కు కడుతుంది. కాలర్ బోన్ విరిగితే కొన్ని వారాలు చెయ్యి మెడకు వేలాడదీసుకోవాలి, అయినా చాలామందికి అతుక్కుంటుంది. మెదడుకు, కంటికి తగిలిన దెబ్బలు అలాంటివి కావు. కాబట్టి ఉన్న డబ్బులో మొదటి వాటా తలకు, తర్వాతది కళ్లకు, ఆ తర్వాత మోకాళ్లకు, అరచేతులకు పోవాలన్నది నా అభిప్రాయం. మిగతావి ఆగగలవు.

హెల్మెట్‌లో మనల్ని కాపాడేది పైన మెరిసే పెంకు కన్నా ఎక్కువగా దాని కింద ఉన్న థర్మోకోల్. తల నేలకు తగిలిన క్షణంలో ఆ థర్మోకోల్ నలిగిపోతూ దెబ్బ జోరును తాను తీసుకుంటుంది, తల ఒక్కసారిగా కాకుండా కాస్త దూరం సర్దుకుని ఆగేలా చేస్తుంది. ఈ పని అది చేయగలదో లేదో కంటితో చూసి చెప్పలేం, ధర చూసి అసలే చెప్పలేం. చెప్పగలిగేది లోపల అతికించి ఉండే చిన్న చీటీ. యూరప్ ప్రమాణమైతే దానిపై ఈఎన్ 1078 అని, అమెరికా ప్రమాణమైతే సీపీఎస్‌సీ అని ఉంటుంది. మొదటి ప్రమాణం కింద హెల్మెట్‌ను దాదాపు 1.5 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడవేసినప్పుడు, లోపలి నమూనా తలకు అందే కుదుపు గురుత్వ త్వరణానికి 250 రెట్లు మించకూడదు. 1999 నుంచి అమెరికాలో తప్పనిసరైన రెండో ప్రమాణంలో ఆ ఎత్తు 2 మీటర్లు, పరిమితి 300 రెట్లు. దుకాణంలో అన్నింటికన్నా చవకైన హెల్మెట్ అయినా సరే, చీటీ నిజమైనదైతే అది ఈ పరీక్షకు నిలవాల్సిందే. ధర పెరిగేకొద్దీ ముఖ్యంగా మారేవి గాలి రంధ్రాల సంఖ్య, బరువు, సర్దుబాటు సౌకర్యం, ఆపైన రంగుల సోకు. చీటీ లేని హెల్మెట్ ఎంత అందంగా ఉన్నా అది టోపీయే. పేరున్న కంపెనీల నమూనాలను అచ్చుగుద్దినట్టు చేసి నమ్మశక్యం కాని ధరకు అమ్మే నకిలీలూ ఉన్నాయి కనుక, తయారీదారు పేరు, తయారైన తేదీ ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. వాన వెలిసిన మర్నాడు, దాదాపు మనిషి నడిచే వేగంతో పోతుండగా, దారికి అడ్డంగా ఉన్న తడి వేరు మీద ముందు చక్రం పక్కకు జారింది. తల పక్కభాగం రాయికి తగిలింది. లేచి చూసుకుంటే హెల్మెట్ పైన చిన్న గీత తప్ప ఏమీ లేదు. మళ్లీ అదే పెట్టుకుని ఇంటికొచ్చి, చెమట కంపు కొడుతోందని లోపలి మెత్తని పట్టీలు ఊడదీసినప్పుడు కనిపించింది: థర్మోకోల్‌లో వెంట్రుక మందాన ఒక చీలిక, అడుగు నుంచి ఒక గాలి రంధ్రం దాకా పాకి ఉంది, దాని పక్కన బొటనవేలితో నొక్కినట్టు ఒక పల్లం. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు, అదే చోట ఇంకో దెబ్బ తగిలితే నలగడానికి అక్కడ ఏమీ మిగలదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చి తీరాలి. అందుకే ఎంత తక్కువకు వచ్చినా వాడిన హెల్మెట్ కొనకూడదు, దాని గతం మనకు తెలియదు. పెట్రోలు, థిన్నర్ వంటివి థర్మోకోల్‌ను తినేస్తాయి కనుక మరకలు పోవడానికి సబ్బు నీళ్లు దాటి వెళ్లకూడదు.

చీటీ తర్వాత చూడవలసింది తలకు అమరిక. టేపుతో కనుబొమ్మలకు కాస్త పైగా తల చుట్టుకొలత తీసుకుని, ఆ సెంటీమీటర్ల లెక్కతోనే సైజు ఎంచుకోవాలి. పిల్లలకు ‘ఎదిగాక సరిపోతుందిలే’ అని పెద్దది కొనడం బట్టల విషయంలో పొదుపు కావచ్చు, ఇక్కడ మాత్రం డబ్బు దండగ. హెల్మెట్ అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి, నుదురంతా కనిపించేలా వెనక్కి వాలకూడదు. రెండు వైపులా పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద బకిల్ పెట్టాక ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. బకిల్ పెట్టకుండా, వెనక డయల్ మాత్రం బిగించి తల అటూ ఇటూ విదిలిస్తే హెల్మెట్ కదలకుండా కూర్చోవాలి. ఈ పరీక్షలకు దుకాణంలో రెండు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు.

మిప్స్ అనే పసుపు చీటీ ఉన్న హెల్మెట్లను చూసి ఆ అదనపు డబ్బు పెట్టాలా వద్దా అని అడిగేవారు ఎక్కువ. స్వీడన్‌లో పుట్టిన ఆ పద్ధతిలో, ఏటవాలుగా దెబ్బ తగిలినప్పుడు లోపలి పలుచటి పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారి, తల మెలితిరిగే జోరును కొంత తగ్గిస్తుంది. కొండదారిలో మనిషి నిట్టనిలువుగా పడడం అరుదు కనుక అది ఉండడం మంచిదే, ఇప్పుడు అంత ఖరీదు లేని వాటిలోనూ వస్తోంది. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2018 నుంచి సైకిల్ హెల్మెట్లను ఇలాంటి ఏటవాలు దెబ్బలతో పరీక్షించి నక్షత్రాలు ఇస్తూ ఫలితాలు అందరికీ అందుబాటులో ఉంచుతోంది. ఆ జాబితాలో మధ్యరకం ధరవి ఎంతో ఖరీదైనవాటిని దాటి పైన నిలవడం కొనేవాళ్లు గమనించవలసిన సంగతి.

దవడను కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ విషయంలో ఒక మెలిక ఉంది, మీ వ్యాసంలో అది రాలేదు. ఈఎన్ 1078 ప్రమాణంలో దవడ కమ్మీకి పరీక్షే లేదు. కాబట్టి ఆ ఒక్క ముద్రే ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో ముందు కమ్మీ ఎంత గట్టిదో ఆ చీటీ చెప్పదు. ఏటవాలు కొండలు వేగంగా దిగే డౌన్‌హిల్ కోసం అయితే ఆ తరహా హెల్మెట్ల కోసమే పెట్టిన ఏఎస్‌టీఎం ఎఫ్1952 అనే ప్రమాణం ముద్ర ఉన్నదే వెతకాలి, దవడ కమ్మీ పరీక్ష అందులో ఉంది. మామూలు అడవి దారుల్లో ఎక్కుతూ దిగుతూ తొక్కేవారికి ఫుల్ ఫేస్ అవసరం లేదనే నేనంటాను. ఇంట్లో ఉంది కదా అని మోటార్ సైకిల్ హెల్మెట్ పెట్టుకుని వచ్చేవారూ ఉన్నారు. ఎక్కుడులో అరగంట తొక్కేసరికి ఆ బరువుకు, ఉక్కకు తట్టుకోలేక దాన్ని తీసి హ్యాండిల్‌కు తగిలించుకుంటారు, దిగుడు వచ్చేసరికి అది అక్కడే ఉంటుంది.

కళ్ల విషయంలో నిజంగా చవక దారి ఒకటుంది. సైక్లింగ్ అద్దాలని పేరు పెట్టి అమ్మేవాటికి బదులు, వర్క్‌షాపుల్లో గ్రైండింగ్ చేసేవారు పెట్టుకునే పాలీకార్బోనేట్ అద్దాలు తీసుకోవచ్చు. కంటి రక్షణకు యూరప్ పెట్టిన ఈఎన్ 166 ప్రమాణం ముద్ర, దాని పక్కన ఎఫ్ అనే అక్షరం ఉంటే, సెకనుకు 45 మీటర్ల వేగంతో వచ్చే చిన్న ఉక్కు గుండును అవి ఆపినట్టు లెక్క. ముందు పోయే సైకిల్ చక్రం ఎగరేసే గులకరాళ్లకు, ముఖానికి తగిలే కొమ్మలకు అది చాలు. చెట్ల నీడలో నల్లద్దాలు దారినే మింగేస్తాయి, తెల్లవే మేలు.

మోకాలి ప్యాడ్ల దగ్గరే నా డబ్బు ఎక్కువగా వృథా అయింది. మొదట కొన్నవి పైన గట్టి ప్లాస్టిక్ చిప్ప, వెనక రెండు వెల్‌క్రో పట్టీలు ఉన్న రకం. దుకాణంలో నిలబడి చూసుకుంటే ఇనుప కవచంలా అనిపించాయి. గంటసేపు పెడల్ తొక్కేసరికి చెమటకు కిందికి జారి పిక్కల మీద కూర్చున్నాయి, అలా ఉండగానే పడ్డాను, చర్మం ఊడిన మోకాలికి బెత్తెడు కింద ప్యాడ్ మాత్రం చెక్కుచెదరలేదు! కాబట్టి ప్యాడ్ తొడుక్కుని పదిసార్లు గుంజీలు తీసి, నాలుగడుగులు పరుగెత్తి చూడండి. జారితే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. కాలిలోకి లాక్కునే తొడుగు రకం, లోపల అంచుల్లో రబ్బరు పట్టు, ముందువైపు దెబ్బ తగిలినప్పుడు మాత్రమే బిగుసుకునే మెత్తని పదార్థం ఉన్నవి ఎక్కువసేపు తొక్కడానికి హాయి. వీటికి కూడా ముద్ర ఉంది. మోటార్ సైకిల్ వాళ్ల కోసం పెట్టిన ఈఎన్ 1621-1 ప్రమాణాన్నే చాలా సైకిల్ ప్యాడ్లు పాటిస్తాయి. అందులో 50 జౌల్స్ శక్తితో దెబ్బ కొట్టినప్పుడు లోపలికి దిగే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే లెవెల్ 1, 20 మించకపోతే లెవెల్ 2. వాలీబాల్ ఆటగాళ్ల స్పాంజి ప్యాడ్లు నున్నటి గచ్చు కోసం చేసినవి, రాళ్ల మీద అవి ఒక్క పూటకు చిరుగుతాయి. హెల్మెట్‌లా కాక, ప్యాడ్లు వాడినవి కొన్నా తప్పులేదు. సాగుడు తగ్గలేదనీ, లోపలి మెత్త పెళుసుబారలేదనీ నొక్కి చూసుకుంటే చాలు.

మిగతావాటికి పెద్ద ఖర్చక్కరలేదు. పడేటప్పుడు మనిషి అసంకల్పితంగా అరచేయి ముందుకు చాపుతాడు, కనుక వేళ్లన్నీ కప్పే గ్లవ్స్ తప్పనిసరి. అయితే మెకానిక్కులు వాడే పలుచటివైనా సరిపోతాయి, బ్రేకు లివర్ వేలికి తెలియనంత మందమైతే మాత్రం ప్రమాదం. చదునైన గట్టి రబ్బరు అడుగున్న బూట్లు, లేసులు లోపలికి దోపి, వేసుకోవాలి. పెడల్ మీది పిన్నులు మోకాలి కింద కాలి ముందుభాగాన్ని చీరకుండా ఫుట్‌బాల్ షిన్ గార్డులు పనికొస్తాయి. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో రీప్యాక్ అనే కొండ దిగుడు సైకిల్ పందేలతో ఈ ఆటకు ఊపు తెచ్చినవారు జీన్స్ ప్యాంట్లు, పని బూట్లతోనే దిగేవారు. వారి బట్టల పొదుపు అనుసరించదగ్గదే, ఉత్త తలలు కాదు. వీపు కవచాలు, మెడ పట్టీలు ఎత్తయిన గెంతులు వేసే స్థాయికి చేరాక ఆలోచించవచ్చు.

సంపాదకులకు నా విన్నపం ఇదే. ఇకపై ఇలాంటి వస్తువులను పరిచయం చేసేటప్పుడు ధర, రంగు, కంపెనీ పేరుతో పాటు దానిపై ఏ ప్రమాణం ముద్ర ఉందో కూడా తప్పక ప్రచురించండి, ముద్ర లేకపోతే లేదనే రాయండి. వీలైతే ఆ ఫొటోను మళ్లీ ఒకసారి, పట్టీ బిగించి తీసినది, వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు