శీనుగాడికి, జేడ్ గొట్టం గురించి

ఒరేయ్ శీనూ,

నువ్వు కొందామనుకుంటున్న ఆ జేడ్ రాతి గొట్టం ఫోటోలు చూశాను. "ఐదు వేల ఏళ్ల నాటి చైనా జేడ్" అంటున్నాడు కదా ఆ అమ్మేవాడు, డబ్బు మాత్రం అప్పుడే కట్టకు. ఆ వస్తువు సంగతి కాసేపు పక్కన పెట్టు, ఆ ఆకారం కథ చెప్పకుండా నేనుండలేను.

బయట నలుచదరంగా, లోపల గుండ్రటి రంధ్రంతో ఉండే ఆ గొట్టాన్ని చైనాలో త్సుంగ్ అంటారు. తూర్పు చైనాలో ఇప్పటి హాంగ్‌ఝౌ నగరం దగ్గర దాదాపు ఐదు వేల ఏళ్ల కిందట బతికిన లియాంగ్‌ఝూ జనం చేసిన పూజావస్తువు. వాళ్లకి ఇనుము తెలీదు. జేడ్‌ని మామూలు ఉక్కు కత్తితో కూడా చెక్కలేం, అంచేత తడి ఇసుక వేసి రుద్ది రుద్ది అరగదీశారు. 1986లో అక్కడి ఫాన్‌షాన్ అనే చోట ఒక సమాధిలో దొరికిన ఒక త్సుంగ్ ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లు కూడా లేదు, బరువేమో ఆరున్నర కిలోలు! దాని మీద ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి, కింద గుడ్లు మిటకరించే మృగం, అన్నీ వెంట్రుకంత సన్నని గీతలతో. ఎన్ని నెలల చాకిరీయో అనిపిస్తుంది నాకు.

తర్వాతివాళ్లు దీని వాడకమే మర్చిపోయారు. పద్దెనిమిదో శతాబ్దపు చియాన్‌లాంగ్ చక్రవర్తికి పాత జేడ్ అంటే ప్రాణం, అయినా వీటిని బండి కర్రలకి తొడిగే తొడుగులనుకున్నాడు, పైగా తన పద్యాలు చెక్కించాడు, కొన్నిటి మీద తలకిందులుగా! ఇంకోసారి హాన్ కాలం (దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి రాజవంశం) నాటిదేమో అనుకున్న జేడ్ కప్పుని తన కొలువులోని పనివాడు యావ్ జోంగ్‌రెన్‌కి చూపిస్తే, అతను అది తన తాత చేసిందేనని చెప్పి, కొత్త రాయికి పాత రంగు ఎక్కించే పద్ధతి కూడా వివరించాడట. రాజు ఆ సంగతంతా తనే రాసిపెట్టాడు.

అనుకరణలన్నీ మోసాలేం కాదురా. దక్షిణ సుంగ్ రాజుల కాలంలో (పన్నెండు, పదమూడు శతాబ్దాలు) లుంగ్‌చువాన్ అనే ఊరి కుమ్మరులు ఇదే ఆకారంలో లేతాకుపచ్చ పింగాణీ కూజాలు చేశారు, ఎవర్నీ నమ్మించడానికి కాదు, పాతదాని మీద గౌరవంతో. నాకవి ఎంతిష్టమో! మురికి రంగు పూసి వయసు పెంచేవాళ్లంటేనే ఒళ్లు మండుతుంది.

ఆ రంధ్రం లోపలి ఫోటో అడుగు. పాతవాళ్లు రెండు వైపుల నుంచీ తొలిచేవాళ్లు కాబట్టి మధ్యలో చిన్న గట్టు మిగులుతుంది. నకిలీలు చేసేవాళ్లకీ ఇది తెలుసు, అందుకని ఏ సేకరణ నుంచి వచ్చిందో కాగితాలు కూడా అడుగు. చైనాలో తవ్వకాల్లో దొరికినవి ప్రభుత్వానివే, కాగితాల్లేని అసలు వస్తువైనా నీకొద్దు. అతనేమన్నాడో వెంటనే రాయి.

నీ
రఘు