అడగకుండానే ‘లేదు’ అని నింపిన జవాబు గురించి ఫిర్యాదు

హనుమకొండ,
12 మే 2025

బ్రాంచి మేనేజర్ గారికి,
విదేశీ విద్యా సలహా సంస్థ,
హిమాయత్‌నగర్, హైదరాబాద్.

విషయం: నా దరఖాస్తులో ఆర్థిక సహాయం అవసరం లేదని నాకు తెలియకుండా నమోదు చేయడం, గ్రిన్నెల్ కళాశాల గురించి తప్పుడు సమాచారం ఇవ్వడం.

అయ్యా,

గత ఏడాది జూలైలో మా నాన్నగారు, నేను మీ కార్యాలయానికి వచ్చి, అమెరికాలో డిగ్రీ చదువుకు దరఖాస్తులు పంపించే పని నిమిత్తం 85,000 రూపాయలు, దానిపై జీఎస్టీ 15,300 రూపాయలు చెల్లించాము. మా నాన్నగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆ డబ్బు ఆయన జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) నుంచి తీసినది. ఖర్చులో అధిక భాగం కళాశాలే భరిస్తే తప్ప అమ్మాయిని పంపించలేమని, మీ కౌన్సెలర్ గారి ఎదుట కూర్చోగానే ఆయన చెప్పారు. కౌన్సెలర్ గారు ఆ మాట విని, నా పేరున తెరిచిన ఫైలులో మొదటి కాగితం మీద ‘ఎయిడ్ (ఆర్థిక సహాయం) తప్పనిసరి’ అని రాసి, కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు. ఆ కాగితం ఇప్పటికీ మీ దగ్గరే ఉండాలి. ఈ లేఖ అందగానే ముందు దాన్ని తీసి చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇంటర్‌లో నాది ఎంపీసీ. అయితే ఫిజిక్సు ఎంత ఇష్టమో నాకు చరిత్ర కూడా అంతే ఇష్టం. పదో తరగతి అయిన వేసవిలోనే ఒకటి ఎంచుకుని రెండోదాన్ని వదులుకోవలసి వచ్చినందుకు బాధపడినదాన్ని కాబట్టి, రెండూ కలిపి చదివే వీలున్న చోటు కోసం వెతికి, అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ అనే లిబరల్ ఆర్ట్స్ (సైన్సు, చరిత్ర లాంటి వేర్వేరు విషయాలు కలిపి చదివించే) కళాశాల పేరు నేనే మీకు ఇచ్చాను. మొదటి ఏడాది ట్యుటోరియల్ ఒక్కటి తప్ప అక్కడ అందరూ తప్పనిసరిగా చదవవలసిన సబ్జెక్టంటూ లేదు. మేజర్, అంటే ప్రధానంగా చదివే విషయం, ఏమిటో రెండో ఏడాదిలో తేల్చుకోవచ్చు. మీ కౌన్సెలర్ గారు మాత్రం, లిబరల్ ఆర్ట్స్ అంటే మన దగ్గర ఆర్ట్స్ గ్రూపు లాంటిదేనని, యూనివర్సిటీ కాని కాలేజీకి విలువ ఉండదని, బీఏ పట్టాతో అమెరికాలో పని చేయడానికి అనుమతి దొరకదని మా నాన్నగారికి చెప్పారు. మూడూ తప్పే. అక్కడ ఫిజిక్సు చదివినా, కంప్యూటర్ సైన్సు చదివినా ఇచ్చేది బీఏ పట్టాయే. పట్టా పేరు ఏదైనా, చదివిన విషయం స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే 12 నెలల ఓపీటీ (చదువు తరువాత అక్కడ పని చేసే అనుమతి) తరువాత మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు. 1968లో ఇంటెల్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నోయిస్ 1949లో పట్టా పుచ్చుకున్నది ఆ కళాశాలలోనే. 1989లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న థామస్ చెక్ కూడా అక్కడి విద్యార్థే. విదేశీ చదువుల మీద సలహా ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్న సంస్థకు ఇవి తెలియకపోవడం చిన్న లోపమని నేను అనుకోను, ఎందుకంటే మీ మాట నమ్మి మా నాన్నగారు రెండు వారాల పాటు ఇంట్లో ఆ కళాశాల ఊసే ఎత్తనివ్వలేదు.

నేను పట్టుబట్టిన మీదట, మీరు ఇచ్చిన పది విశ్వవిద్యాలయాల జాబితాకు దాన్ని పదకొండోదిగా చేర్చి, దరఖాస్తు రుసుము పేరిట అదనంగా 6,500 రూపాయలు వసూలు చేశారు. ఆ కళాశాల దరఖాస్తుకు రుసుమే తీసుకోదు.

మార్చి నెలాఖరులో ప్రవేశం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఇంటర్ పరీక్షలు అప్పుడే ముగియడంతో, ఇదివరకు తీసుకున్న విజిటర్ వీసా మీద అయోవా రాజధాని డెమోయిన్‌లో ఉంటున్న మా పిన్ని, బాబాయిల దగ్గరికి వెళ్ళి, ఏప్రిల్‌లో ఆ కళాశాలను కళ్ళారా చూశాను. డెమోయిన్ నుంచి తూర్పుగా గంట ప్రయాణం. ఊరి జనాభా పది వేల లోపే, విద్యార్థులు 1,700 మంది దాకా ఉంటారు. ఊరి మధ్యలో అమెరికన్ వాస్తుశిల్పి లూయీ సల్లివన్ 1914లో కట్టిన బ్యాంకు భవనం ఉంది. పెట్టెలాంటి ఇటుక కట్టడానికి వాకిలి పైభాగాన, కాల్చిన మట్టి నగిషీల నడుమ ఒక గుండ్రటి కిటికీ. వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగినదాన్ని కావడం వల్లనేమో, ఆ పనితనం ముందు చాలాసేపు నిలబడిపోయాను.

నన్ను కూర్చోనిచ్చిన ఫిజిక్సు తరగతిలో పద్నాలుగు మంది ఉన్నారు. మా జూనియర్ కాలేజీ సెక్షన్‌లో తొంభై మందిమి. ఒక అబ్బాయి బోర్డు మీద లెక్క చేస్తూ సగంలో ఆగిపోతే, ఆచార్యులు సుద్దముక్క అందుకోలేదు. చేతులు కట్టుకుని, ఇక్కడిదాకా ఎలా వచ్చావో మళ్ళీ చెప్పమని మాత్రం అన్నారు. అతను చెబుతూ చెబుతూనే లెక్క మూడో పంక్తిలో తాను వదిలేసిన మైనస్ గుర్తును పట్టుకున్నాడు. సిలబస్ అయిపోవాలన్న తొందర ఎవరి ముఖంలోనూ కనబడలేదు. బయటికి వచ్చాక, కళాశాల ఆవరణ మధ్య నుంచి సాగే రైలు పట్టాల మీద గూడ్సు బండి వస్తే, అవతలికి వెళ్ళవలసిన పిల్లలందరూ ఆగి, ఆ లెక్క గురించే మాట్లాడుకుంటుంటే విన్నాను. అన్నీ నచ్చాయని చెప్పను. సొంత కారు లేనిదే ఆ ఊరి నుంచి కదలడం కష్టం, ఏప్రిల్‌లో కూడా చలి ఎముకలు కొరికింది. అవన్నీ చూసిన తరువాత కూడా నాకు అక్కడే చదవాలనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆర్థిక సహాయ కార్యాలయానికి వెళ్ళి, నా ప్రవేశ పత్రంలో సహాయం ప్రస్తావన ఎందుకు లేదని అడిగాను. అక్కడి ఉద్యోగిని నా దరఖాస్తు తెరిచి, కంప్యూటర్ తెరను నా వైపు తిప్పారు. ఆర్థిక సహాయం కోరుతున్నారా అన్న ప్రశ్నకు ఎదురుగా ‘లేదు’ అని ఉంది. విదేశీ విద్యార్థులు ఆ సంగతి దరఖాస్తుతోనే తెలపాలని, ఈ దశలో చేయగలిగింది లేదని ఆమె నొచ్చుకుంటూ చెప్పారు. ఏడాదికి అన్నీ కలిపి ఖర్చు 80,000 డాలర్లు దాటుతుంది, అంటే దాదాపు 70 లక్షల రూపాయలు. ప్రవేశం పొందిన విద్యార్థి కుటుంబ స్తోమతను లెక్కగట్టి, తక్కువపడిన మేరకు సహాయం చేసే కళాశాలల్లో అదొకటి. అడగని మాకు అది అందే దారి లేకపోయింది. మే 1 లోగా జవాబు తెలపాలి కనుక ఏప్రిల్ 30 రాత్రి, చేరలేనని నేనే రాశాను.

మీకు ఫోన్ చేసినప్పుడు, సహాయం అడిగితే సీటు రావడం కష్టమని అలా పెట్టామని, సీటు వచ్చాక అడగవచ్చని అనుకున్నామని మీ కౌన్సెలర్ గారు సమాధానమిచ్చారు. విదేశీ విద్యార్థుల విషయంలో చాలా కళాశాలలు సహాయం అవసరాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంటాయన్నది నిజమే. కానీ సహాయం అడిగి సీటు పోగొట్టుకోవాలా, అడగకుండా సీటు తెచ్చుకోవాలా అన్నది మా కుటుంబం తేల్చుకోవలసిన విషయం. అడిగి ఉంటే సీటు రాకపోయేదేమో, అది నేను ఒప్పుకుంటాను. అప్పుడు కనీసం నిజం చెప్పి ఓడిపోయామన్న తృప్తి మా నాన్నగారికి ఉండేది. పైగా దరఖాస్తు ఖాతాను మీ సంస్థ ఈమెయిల్‌తో తెరిచి, పాస్‌వర్డ్ నాకు ఇవ్వలేదు. వివరాలన్నీ వాస్తవమేనని విద్యార్థి స్వయంగా ధ్రువీకరించవలసిన చోట నా పేరును మీ సిబ్బందే టైపు చేశారు. నేను చెప్పని అబద్ధానికి కింద నా సంతకం ఉంది.

కాబట్టి 85,000 రూపాయల ఫీజును, దానిపై జీఎస్టీని, దరఖాస్తు రుసుముగా తీసుకున్న 6,500 రూపాయలను, మొత్తం 1,06,800 రూపాయలు తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. ఆ జవాబు నాకు తెలియకుండా మీ సిబ్బంది నింపినదని మీ లెటర్‌హెడ్ మీద కళాశాల ప్రవేశ విభాగానికి రాసి, ప్రతి నాకు పంపించాలి. ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు చేయబోతున్నాను కనుక డబ్బు కన్నా ఈ ఉత్తరమే నాకు ముఖ్యం. ఖాతా పాస్‌వర్డ్‌ను, నా వ్యాసాల ప్రతులను, పైన చెప్పిన ఎర్ర గీతల కాగితం నకలును కూడా ఇప్పించాలి. మీ జాబితాలోని పది విశ్వవిద్యాలయాల్లో వేటి నుంచి మీకు కమీషన్ అందుతుందో రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజులలోపు సమాధానం రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము నివసించే ప్రాంతం పరిధిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేస్తాము. రశీదుల జిరాక్సులు, ప్రవేశ పత్రం, ఆ జవాబు కనబడే పేజీ ప్రింటు దీనికి జతపరిచాను.

ఇట్లు,
మీ వద్ద ఫీజు చెల్లించిన విద్యార్థిని