ఈ సీజన్‌లో మీ ఫైళ్ళు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారం.

మా దగ్గర అమెరికా టాక్స్ రిటర్న్ వేయించుకునే కుటుంబాల్లో 58 కుటుంబాలకు ఈసారి ఏప్రిల్ 15 లోపు పని పూర్తి చేయలేకపోయాం. ఎక్స్‌టెన్షన్ వేశాం కాబట్టి గడువు అక్టోబరు 15 దాకా ఉంది. కానీ ఎక్స్‌టెన్షన్ పెంచేది ఫైలింగ్ గడువునే. కట్టాల్సిన పన్నుకు మాత్రం ఏప్రిల్ 15 నుంచే వడ్డీ పడుతుంది. అందుకే బాకీ ఉన్నవాళ్ళతో అంచనా వేసి ముందే కట్టించాం.

"ప్రతి ఏడాదీ మార్చిలోనే అయిపోయేది కదండీ, ఈసారి ఏమైంది?" అని చాలామంది అడిగారు. "ఫైళ్ళు ఎక్కువ వచ్చాయి" అని చెప్పాం. అది నిజం కాదు. ఫైళ్ళు ఎప్పుడూ వచ్చినన్నే వచ్చాయి, చేసే మనుషులు తగ్గారు. కిందటి జూన్ నుంచి ఈ జనవరి లోపల విజయవాడ ఆఫీసులో 12 మందిలో ఐదుగురు మానేశారు. ఎందుకు మానేశారో మీకు చెప్పాలి. మీ జీతం, మీ అమ్మానాన్నల జాయింట్ అకౌంట్లు, మీరు అమ్ముకున్న పొలం వివరాలు, అన్నీ చూసేది వాళ్ళే.

వాళ్ళలో ఒకమ్మాయి ఐదేళ్ళు మా దగ్గర రివ్యూ, అంటే రిటర్న్‌లు పంపే ముందు సరిచూసే పని, చూసింది. 140 కుటుంబాల ఫైళ్ళు ఆమెకు కంఠతా వచ్చు. పెళ్ళయి డాలస్ వెళ్ళింది. "అక్కడి నుంచే చేస్తాను మేడం, నాకు ఈ పని వదలడం ఇష్టం లేదు" అంది. నాకూ అదే కావాలి. కానీ ఆమె వెళ్ళింది హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యగా. భర్త ఐ-140 (గ్రీన్ కార్డు కోసం అతని కంపెనీ వేసే అర్జీ) అప్రూవ్ అయితే తప్ప ఆమె ఉద్యోగ అనుమతి కార్డుకు అప్లై చేసే వీలు లేదు. అతని గ్రీన్ కార్డు పని అప్పటికి ఆ దశకు రాలేదు. జీతం ఇండియా అకౌంట్లో వేస్తే సరిపోతుందేమో అని లాయర్‌ని అడిగాం. మనిషి అమెరికాలో కూర్చుని పని చేస్తున్నప్పుడు జీతం ఎక్కడ పడినా రిస్కేనని, చేయొద్దని చెప్పారు. ఆమె వీసాకు ముప్పు తెచ్చే పని నేను చేయలేను. అలా మా దగ్గర అందరికన్నా బాగా పని చేసే మనిషి పని మానుకుని ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. మీలో చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి ఉంటుంది, ఆ బాధ మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆమె వెళ్ళాక జరిగిన పొరపాటు కూడా చెప్తాను. న్యూజెర్సీలో ఉన్న ఒక కుటుంబం కిందటేడు ఊళ్ళో స్థలం అమ్మింది. డబ్బు ఇక్కడి బ్యాంకులో పడింది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) వేయాలి, అది వేశాం. కానీ జాయింట్‌గా ఫైల్ చేసే భార్యాభర్తలకు ఆ ఆస్తులు ఏడాదిలో ఎప్పుడైనా 1,50,000 డాలర్లు దాటితే రిటర్న్‌తో పాటు విదేశీ ఆర్థిక ఆస్తుల ఫారం 8938 కూడా జతచేయాలి. అది వదిలేశాం. కొత్తగా చేరిన కుర్రాడు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో డిసెంబరు 31 నాటి బ్యాలెన్స్ ఒక్కటే చూశాడు. అప్పటికే సగం డబ్బు అప్పులకు పోయింది. పాత అమ్మాయి ఉంటే "స్థలం అమ్మారు కదా, ఎప్పుడు పడింది డబ్బు?" అని అడిగేది. ఆ కుటుంబమే గమనించి ఫోన్ చేసింది. సవరించిన రిటర్న్ మా ఖర్చుతో వేశాం. దాని మీద ఏ పెనాల్టీ వచ్చినా మాదేనని రాసిచ్చాం. తప్పు ఆ కుర్రాడిది కాదు. ఒక మనిషి తలలో ఉన్నదంతా ఫైల్లోకి ఎక్కించకుండా ఆమెను పంపించిన నాది.

మిగతా నలుగురూ వెళ్ళింది రాత్రి డ్యూటీ వల్ల. జీతం వల్ల అనుకున్నాను. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలు అమెరికా టాక్స్ తెలిసినవాళ్ళకు ఇచ్చే జీతం మేం ఇవ్వలేం, అది ఎప్పుడూ ఉన్నదే. కానీ కూర్చోబెట్టి అడిగితే వేరే మాటలు బయటికి వచ్చాయి. ఒకబ్బాయి, "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు మేడం. నైట్ డ్యూటీ అనగానే అటువైపు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయట్లేదు" అన్నాడు. ఇంకో అమ్మాయి ఉండే హాస్టల్లో రాత్రి 10కి గేటు వేస్తారు. మూడింటికి వచ్చే అమ్మాయిని ఉంచుకోలేమని వార్డెన్ చెప్పేశారు. ఈ రెండేళ్ళూ ఆ అమ్మాయి ఏ హాస్టల్లోనూ ఆరు నెలలు నిలబడలేదని నాకు అప్పుడే తెలిసింది.

మీరు లంచ్ టైంలో ఫోన్ చేస్తారని ఆ డ్యూటీ పెట్టాం. చలికాలంలో న్యూజెర్సీలో మధ్యాహ్నం 12 అంటే ఇక్కడ రాత్రి 10:30, కాలిఫోర్నియాలో అయితే అర్ధరాత్రి దాటి 1:30. ఏడేళ్ళు అలాగే నడిపాను. ఈ వేసవిలో రెండేళ్ళ కాల్స్ రికార్డు తీసి చూశాను. లంచ్ టైంలో వచ్చిన కాల్స్‌లో సగానికి పైగా "మీటింగ్ ఉంది, రాత్రికి చేస్తాను" అని ఐదు నిమిషాల్లో ఆగిపోయినవే. నిజంగా పని జరిగిన కాల్స్ మీరు పిల్లల్ని పడుకోబెట్టి, డబ్ల్యూ-2లూ (జీతం కాగితాలు) 1099లూ (మిగతా ఆదాయం కాగితాలు) ముందు పెట్టుకుని కూర్చున్నప్పటివి. మీకు అది రాత్రి, మాకు ఉదయం. ఇది ముందే చూసి ఉంటే ఆ నలుగురిలో ఇద్దరైనా ఉండేవాళ్ళు.

జూన్ 1 నుంచి రాత్రి డ్యూటీ తీసేస్తున్నాం. ఆఫీసు ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం 2:30 దాకా. టిఫిన్ ఆఫీసులోనే. ఇక్కడ 6:30 అయ్యేసరికి ఇప్పుడు న్యూజెర్సీలో ముందురోజు రాత్రి 9, డాలస్‌లో 8, కాలిఫోర్నియాలో సాయంత్రం 6. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు వెనక్కి జరిగాక ఇవి ఒక్కో గంట తగ్గుతాయి, న్యూజెర్సీలో రాత్రి 8 అవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్ళీ మారతాయి, అదీ సరిగ్గా సీజన్ మధ్యలో. కిందటేడు ఆ వారంలో 11 అపాయింట్‌మెంట్లు తప్పాయి. ఇకమీదట అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో మీ టైమూ మా టైమూ రెండూ ఉంటాయి. పగలు తప్ప కుదరనివాళ్ళకు శనివారం మీ ఉదయం 9 నుంచి 11:30 దాకా ఒకరు ఉంటారు, ఈస్టర్న్ టైం ప్రకారం. ఆ ఒకరు వంతులవారీగా మారతారు, ఆ తర్వాతి సోమవారం వాళ్ళకు సెలవు.

ఇంకోటి, దీని గురించి రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. చేరేటప్పుడు రెండేళ్ళ బాండ్ రాయించుకుని, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలో పెట్టుకునేవాళ్ళం. చుట్టుపక్కల ఆఫీసులన్నీ అదే చేస్తున్నాయి కదా అనుకున్నాను. మానేసిన ఒకబ్బాయి వాళ్ళ నాన్నగారు గుడివాడ నుంచి బస్సులో వచ్చి, నా ఎదురుగా నిలబడి, "మా వాడి కాగితాలు ఇప్పించండమ్మా" అని అడిగారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ సాయంత్రమే బీరువాలో ఉన్నవన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను. బాండ్ కాగితాలు చించేశాను.

బాండ్ లేకపోతే ఎలా నిలుస్తారు అని మా ఆడిటర్ గారు అడిగారు. మేం ఇప్పుడు వాళ్ళతో ఈఏ (ఎన్రోల్డ్ ఏజెంట్) పరీక్ష రాయిస్తున్నాం. ఎన్రోల్డ్ ఏజెంట్ అంటే అమెరికా టాక్స్ శాఖ ముందు మీ తరఫున మాట్లాడే హక్కు ఉన్న మనిషి, ఏ రాష్ట్రంలో ఉన్న క్లయింట్‌కైనా. మూడు పేపర్లు, ఒక్కోటి మూడున్నర గంటలు, హైదరాబాద్‌లోనే రాయొచ్చు. మార్చి, ఏప్రిల్‌లలో పరీక్షలు ఉండవు, మే నుంచి మొదలు. ముగ్గురు చదువుతున్నారు. ఫీజు మాది, చదువుకోవడానికి రోజూ ఆఫీసు టైంలోనే గంటన్నర. పాసయ్యాక వాళ్ళకు బయట ఇంకా పెద్ద జీతం వస్తుంది, నాకు తెలుసు. వెళ్తే వెళ్ళనివ్వండి. ఉన్నన్నాళ్ళూ మీ ఫైలు తెలిసిన చేతుల్లో ఉంటుంది.

ఇంటి నుంచి పని ఇవ్వమని ఇద్దరు అడిగారు. ఇది పూర్తిగా నా చేతిలో లేదు. ప్రతి ఏడాదీ మొదట మీతో ఒక సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిస్తాం, "ఇదెందుకు మళ్ళీ" అని విసుక్కుంటారు. మీ టాక్స్ వివరాలు అమెరికా బయట ఉన్నవాళ్ళకు చూపించాలంటే మీ రాతపూర్వక అనుమతి ఉండాలన్నది అక్కడి చట్టం. మీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఇక్కడివాళ్ళకు కనపడకుండా ఉంచేదీ అందుకే. అందుచేత సొంత లాప్‌టాప్‌ల మీద పని ఒప్పుకోలేను. కాకినాడలో వాళ్ళమ్మగారిని చూసుకోవాల్సిన అమ్మాయికి మాత్రం ఆఫీసు లాప్‌టాప్ ఇచ్చి, తలుపు వేసుకునే గది ఉందని చూసి వచ్చి, ఇంటి నుంచి చేయనిచ్చాం. మూడు నెలలైంది, ఒక్క ఫైలూ ఆలస్యం కాలేదు.

వచ్చే సీజన్ నుంచి ఫీజు ఒక్కో రిటర్న్‌కు 25 డాలర్లు పెంచుతున్నాం. ఇందులో 15 నేరుగా జీతాల్లోకి పోతుంది, మిగతాది పరీక్ష ఫీజులకూ లాప్‌టాప్‌లకూ. భారం అనుకున్నవాళ్ళు చెప్పండి, మాట్లాడుకుందాం. డబ్ల్యూ-2 ఒక్కటే ఉండి ఇండియాలో ఖాతాలేవీ లేని విద్యార్థులకు పాత ఫీజే.

డాలస్ అమ్మాయి భర్తకు ఫిబ్రవరిలో ఐ-140 అప్రూవ్ అయింది. కార్డుకు అప్లై చేసింది. అది చేతికి వచ్చిన రోజు ఆమె మళ్ళీ మా రివ్యూ చూస్తుంది, ఈసారి మీ టైంలోనే.

ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న 58 కుటుంబాలకూ ఈ వారంలో ఫోన్ వస్తుంది. నేను కాదు, మీ ఫైలు ఎవరి దగ్గర ఉందో వాళ్ళే చేస్తారు, పేరు చెప్పి పరిచయం చేసుకుంటారు. ఊళ్ళో ఏమైనా అమ్మారా, కొన్నారా, కొత్త ఎఫ్‌డీ వేశారా అని అడుగుతారు. దయచేసి తేదీలతో సహా చెప్పండి.