బజ్జీల గరిటె యాంటెన్నా

ఒరేయ్ బావా,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోలేదు. ఓనర్‌గారు మంచి మనసుతో వైఫై పాస్‌వర్డ్ ఇచ్చినా మీ వెనక పోర్షన్‌కి అందట్లేదనీ, పాప క్లాసు మధ్యలోనే తెగిపోతోందనీ అన్నావు కదా. నల్లకుంటలో పెంట్‌హౌస్ గదిలో ఉన్నప్పుడు నాదీ అదే బాధ. రౌటర్ సందుకి అవతల అక్కావాళ్లింట్లో ఉండేది. అందుకే, డబ్బు పెట్టి ఏదీ కొనకముందే ఇది చదువు.

మొదట నేను పాలపొడి డబ్బాతో సిగ్నల్ పట్టే యాంటెన్నా చేశాను. 8.5 సెంటీమీటర్ల వెడల్పు డబ్బా, మూసి ఉన్న అడుగు నుంచి 5.8 సెంటీమీటర్ల దగ్గర బెజ్జం, అందులో 3.1 సెంటీమీటర్ల రాగి తీగ. కనెక్టర్ కోసం కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. డబ్బా బాగానే కుదిరింది, తప్పు తీగలో జరిగింది. పిట్టగోడ నుంచి కంప్యూటర్ దాకా 10 మీటర్ల ఆర్‌జీ 58 అనే యాంటెన్నా కేబుల్ లాగాను. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో అది మీటరుకి దాదాపు ఒక డెసిబెల్ తినేస్తుంది. డెసిబెల్ అంటే సిగ్నల్ బలానికి కొలత, పది తగ్గితే బలం పదో వంతు అవుతుంది. అంటే డబ్బా పోగుచేసిన దాంట్లో పదో వంతే లోపలికి చేరింది. అన్నిటికంటే ముందు నీకు చెప్పాలనుకున్నది ఇదే: సిగ్నల్‌ని తీగలో లాక్కురావద్దు, డాంగిల్‌నే, అంటే కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై ముక్కనే, యాంటెన్నా దగ్గరికి తీసుకెళ్లు. రేడియో తరంగం డాంగిల్‌లోనే డేటాగా మారిపోతుంది. అక్కణ్ణించి యూఎస్‌బీ తీగలో వచ్చేదానికి ఈ తరుగు ఉండదు. మామూలు ఎక్స్‌టెన్షన్ అయితే 5 మీటర్లు దాటించకు, అంతే.

ఇక యాంటెన్నా. మిర్చి బజ్జీల బండి దగ్గర నూనెలోంచి వాయి తీసే పెద్ద జాలీ గరిటె ఉంటుంది చూడు, అదే. బేగంబజార్‌లో అడుగు వెడల్పుది దొరికింది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైమాటే. అంత పెద్ద అలకి సెంటీమీటరు కూడా లేని ఆ కంతలు కనిపించవు, రేకుకి తగిలినట్టే తగిలి వెనక్కి వస్తుంది. ఆ వచ్చేదంతా ఒక్కచోట కలుస్తుంది, డాంగిల్ అక్కడ ఉండాలి. గరిటె వెడల్పుని దాంతోనే గుణించి, 16 రెట్ల లోతుతో భాగిస్తే ఆ చోటు గరిటె అడుగు నుంచి ఎంత దూరమో తెలుస్తుంది. నాది 30 సెంటీమీటర్ల వెడల్పు, 7.5 లోతు. లెక్కకి సరిగ్గా 7.5 వచ్చింది, అంటే గరిటె అంచుకి సమంగా. ఐస్‌క్రీమ్ పుల్లలకి డాంగిల్ కట్టి, అర సెంటీమీటరు చొప్పున ముందుకీ వెనక్కీ జరుపుతూ స్క్రీన్ మీద సిగ్నల్ బలం అంకె చూసుకున్నాను, అది సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 81 ఉన్నది మైనస్ 71కి వచ్చింది. పది డెసిబెల్స్ రా, పది రెట్లు! ఆ రాత్రి అక్కతో వీడియో కాల్ ఒక్కసారి కూడా ఆగలేదు. డాంగిల్‌ని నిలువుగా, అడ్డంగా రెండు రకాలా తిప్పి చూడు. రౌటర్ కొమ్ములు నిలువుగా ఉంటే సాధారణంగా ఇదీ నిలువుగానే బాగుంటుంది.

అయినా రోజు విడిచి రోజు నెట్ పడిపోయేది. మూడు వారాలు గరిటెనే అనుమానించాను. ఒకరోజు పొద్దున్న మేడ మీద నిలబడి చూస్తే, అక్కావాళ్ల కిటికీకీ నాకూ మధ్య పక్కింటి నల్ల ట్యాంకు. నల్లా వచ్చిన రోజు అది నిండుతుంది, ఆ రోజే నాకు నెట్ ఉండదు. ఈ తరంగాన్ని నీళ్లు అంతలా మింగేస్తాయి. గరిటెని పిట్టగోడ ఇంకో మూలకి, రెండు గజాలు జరిపాను. అంతటితో ఆ బెడద పోయింది.

కాబట్టి గరిటె కొనకముందే ఓనర్‌గారి రౌటర్ వైపు తిరిగి నిలబడి, మధ్యలో ఏముందో చూసి చెప్పు. ట్యాంకా, ఇనుప బీరువానా, వేపచెట్టా? వీలైతే రౌటర్‌ని కిటికీ దగ్గర పెట్టమని ఆయన్ని అడుగు, మొహమాటపడకు. డాంగిల్‌కి వాన తగలకుండా ప్లాస్టిక్ డబ్బా చాలు, రేకుది మాత్రం వద్దు.

నా గరిటె ఇంకా అటక మీదే ఉంది. ఆదివారం పొద్దున్నే పట్టుకొస్తాను, నిచ్చెన అడిగి ఉంచు. పాపకి చెప్పు, అంకెలు చదవాల్సింది తనే.

నీ బావ