జ్ఞాపికపై పేరు తప్పు రాకూడదు

సంపాదకులకు నమస్కారం.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవానికి కార్మికులకు పంచే టీషర్టుల మీద అచ్చు చాలాచోట్ల నాలుగు ఉతుకులకే పగుళ్లిస్తోంది. అచ్చుకు వాడే ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ సిరాకు సుమారు 160 డిగ్రీల వేడి పూర్తిగా అందకపోతే ఇంతే. వేడికి ఆవిరై బట్టలోకి దిగే సబ్లిమేషన్ రంగు పాలిస్టర్‌కే పడుతుంది, నూలుకు పట్టదు. అలాగని వెల్డర్లకు పాలిస్టర్ ఇవ్వనేకూడదు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) నూలు బట్ట మేలు. సైజులు ఊహించకుండా ఛాతీ కొలతలు ముందే రాసుకోవాలి.

ఉత్తమ కార్మికులకు పేరు చెక్కి ఇచ్చే జ్ఞాపికల విషయంలో మరీ బాధ. ఫాంటు మారితే తెలుగు ఒత్తులు విడిపోతాయి. అక్షరాలను కర్వ్‌లుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చిన పీడీఎఫ్ పంపి, చెక్కేముందు నమూనాను ఆ కార్మికుడికే చూపించాలి. ‘ఉత్తమ ఉద్యోగి’ అని సరిపెట్టకుండా ఆయన ఏ ప్రమాదాన్ని ఆపారో ఒక్క వాక్యం చెక్కించండి.

– స్క్రీన్ ప్రింటింగ్ వృత్తిదారులు, విశాఖపట్నం