లాడ్జి మెట్ల మీద నా పక్కన కూర్చున్న అక్కకు

అక్కా, మీ పేరైనా అడగలేదు. చెన్నై గ్రీమ్స్ రోడ్డు పక్క సందులో, లాడ్జి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న నెల్లూరు మనిషిని నేనే.

మర్నాడు నాకు యాంజియోగ్రామ్, అంటే గుండె రక్తనాళాల పరీక్ష. పద్నాలుగేళ్లుగా షుగరు, దానివల్ల కిడ్నీలూ కొంత దెబ్బతిన్నాయి. ఆసుపత్రి కాగితాల మీద ఎప్పుడూ సంతకం పెట్టే మా ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు. ‘దగ్గరి బంధువు’ అన్న గడి చూడగానే ఇక ఆగలేకపోయాను.

మీరు ఊరుకోమనలేదు. ఆయన గురించి అడిగారు, చెప్పిందంతా విన్నారు. ఐదు నెలల్లో ఆయన పేరెత్తి నన్ను అడిగింది మీరే.

తర్వాత నా మందుల సంచి విప్పించి, ఏది ఏ పూట వేసుకుంటానో కాగితం మీద రాయించారు. గుండె రక్తనాళాలు కనబడడానికి ఎక్కించే డై కిడ్నీలకు భారం కావచ్చు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కాగితాలన్నిటి పైన పెట్టమన్నారు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలా, పరగడుపున ఇన్సులిన్ ఎంత అన్నవి మాత్రం డాక్టరునే అడగమన్నారు. సొంతంగా ఏదీ ఆపమనలేదు, ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది. అడిగాను. మెట్‌ఫార్మిన్ ఆపి, ఇన్సులిన్ తగ్గించారు.

మణికట్టు దగ్గర మత్తు సూది వేసి సన్నని గొట్టం పంపారు. మెలకువగానే ఉన్నాను. మీరు ముందే చెప్పారు కాబట్టి, డై వెళ్లినప్పుడు ఒళ్లు వెచ్చబడితే టెన్షన్ పడలేదు.

ఆ గడిలో మా చెల్లెలి పేరు రాశాను అక్కా. మీ ఆయనకు బైపాస్ అన్నారు కదా, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆయన కోసం కూడా దణ్ణం పెట్టుకుంటున్నాను.