విషయం: ‘స్టెయిర్‌కేస్ గ్రూప్’ కాన్వాస్ ప్రింటు – తప్పు కొలత, అడుగు కోత, తప్పుడు వివరణ

మేనేజర్ గారికి,

నమస్కారం. అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ తన కొడుకులు రాఫెయెల్, టిషియన్‌లను మెట్ల మీద చూపుతూ 1795లో వేసిన ‘స్టెయిర్‌కేస్ గ్రూప్’ ప్రింటు మా చిత్రకళా విభాగానికి అందింది. అది వాడుకోవడానికి పనికిరాదు. ఎందుకో కింద రాస్తున్నాం.

ముందుగా కొలత. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉన్న అసలు చిత్రం 227.3 సెం.మీ. ఎత్తు, 100 సెం.మీ. వెడల్పు. ఎత్తు 150కి కుదిస్తే వెడల్పు 66 రావాలి. ఆర్డర్‌లో అదే రాసిచ్చాం. మీరు పంపింది 150 × 75. రెడీమేడ్ చట్రానికి సరిపెట్టడం కోసం బొమ్మను 75 వెడల్పుకు పెంచి, మిగిలిపోయిన 20 సెం.మీ. పైచిలుకును కింది నుంచి కోసేశారు. దాంతో కింది మెట్టూ, మెట్ల మీద పడివున్న టికెట్టూ పోయాయి.

ఈ చిత్రంలో అడుగు కోయడమంటే ప్రాణం తీయడమే. పీల్ దీన్ని మామూలు ఫ్రేములో పెట్టలేదు. ఫిలడెల్ఫియాలో కొలంబియానమ్ అనే కళాకారుల సంఘం ప్రదర్శనకు పెట్టినప్పుడు నిజమైన ద్వారబంధంలో బిగించి, కింద ఒక చెక్క మెట్టు అమర్చాడు. ఆ చెక్క మెట్టు మీదుగా చూపు బొమ్మలోని మెట్ల మీదికి ఎక్కాలి. జార్జ్ వాషింగ్టన్, బొమ్మలోని కుర్రాళ్లను నిజం మనుషులనుకుని తల వంచి పలకరించాడని పీల్ కొడుకు రెంబ్రాంట్ తర్వాత చెప్పుకొచ్చాడు. మీ ప్రింటు ముందు ఆ భ్రమ ఎవరికీ కలగదు. మేమూ ఆ పద్ధతిలోనే చూపించాలని 66 సెం.మీ. లోపలి వెడల్పుతో ద్వారబంధం చేయించి ఉంచాం. మీ 75 అందులో పట్టదు.

ఇక అచ్చు సంగతి. మీ కస్టమర్ కేర్ వారు పంపిన ఫైలు ఎత్తు 2,400 పిక్సెళ్లే. మీరు పెంచిన సైజులో అంగుళానికి 36 పిక్సెళ్లు కూడా దక్కవు. రాఫెయెల్ చేతిలో, గీసేటప్పుడు మణికట్టు ఆన్చుకునే పొడవాటి కర్ర ఉంది. దాని అంచు రంపపు పళ్లలా కనబడుతోంది. కాంట్రాస్ట్ పెంచేయడంతో మెట్ల మలుపులోని నీడలన్నీ ఒకే నలుపులో కలిసిపోయాయి. పైన తొంగిచూస్తున్న టిషియన్ గోడకు అంటించిన ముఖంలా ఉన్నాడు. దీనిపైన మెరిసే గ్లాసీ కోటింగ్ ఒకటి! ట్యూబ్‌లైటు వెలుగు ప్రతిఫలిస్తే బొమ్మ లోతు మాయమవుతుంది. ఇలాంటి చిత్రానికి మెరుపు లేని మ్యాట్ కోటింగ్ తప్ప వేరేది వేయకూడదు.

వెనక అంటించిన చీటీలో ‘తండ్రీకొడుకులు’ అని రాశారు. బొమ్మలో ఉన్నవాళ్లు అన్నదమ్ములు: 1774లో పుట్టిన రాఫెయెల్, 1780లో పుట్టిన టిషియన్. బొమ్మ వేసినాయనే వాళ్ల తండ్రి. టిషియన్‌కు మీరిచ్చిన తేదీలు 1799–1885. పుట్టకముందే బొమ్మలోకి ఎలా వచ్చాడు? మెట్ల మీది టిషియన్ 1798లో పచ్చజ్వరంతో (ఎల్లో ఫీవర్) చనిపోయాడు. ఆ మరుసటి ఏడు పుట్టిన తమ్ముడికి అదే పేరు పెట్టారు. మీవి ఆ తమ్ముడి తేదీలు. విద్యార్థులు చదివే చీటీలో ఈ తప్పు ఉండకూడదు.

బిల్లులో ‘కాపీరైట్ రుసుము’ రూ. 1,200 వేశారు. పీల్ 1827లో పోయాడు, చిత్రానికి ఇప్పుడు కాపీరైట్ లేదు. అది ఫొటోకు కట్టిన సొమ్మయితే అలాగే రాసి, ఎవరికి కట్టారో రసీదు జతచేయండి. లేకపోతే వెనక్కివ్వండి.

మళ్లీ పంపేది ఇలా ఉండాలి: బొమ్మ సరిగ్గా 150 × 66, చుట్టూ వెనక్కి మడవడానికి 5 సెం.మీ. తెల్ల అంచు, చట్రం లేకుండా గొట్టంలో చుట్టి, ముఖం బయటికి ఉండేలా. లోపలికి చుడితే రంగు పొర మడతల దగ్గర పగులుతుంది. ఫైలు కనీసం 8,858 పిక్సెళ్ల ఎత్తు, అంటే అంగుళానికి 150. అచ్చుకు ముందు పై నుంచి టిషియన్ ముఖం, కింద నుంచి టికెట్టు ఉన్న భాగం, ఒక్కోటి 20 సెం.మీ. ముక్క అదే కాన్వాస్ మీద తీసి పంపండి. అవి చూసి ఒప్పుకున్నాకే పూర్తి అచ్చు వేయండి.

పాత ప్రింటును మీ ఖర్చుతోనే తీసుకెళ్లాలి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే మొత్తం డబ్బు వాపసు కోరుతూ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. ఆర్డర్ ఫారం, బిల్లు, ప్రింటు ఫొటోలు జతచేశాం.

ఇట్లు,
చిత్రకళా విభాగం అధ్యాపకులు